35 వేలకు దిగితే కొందామనుకున్నా

మా ఇంట్లో పాల లెక్కకి ఒక పుస్తకం ఉంటుంది. కిరాణా కొట్లో దొరికే సన్నటి, పొడుగాటి పుస్తకం. ముందు పేజీ నుంచి మా ఆవిడ ఏ రోజు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నామో రాస్తుంది. చివరి పేజీ నుంచి వెనక్కి నేను ప్లేస్టేషన్ 5 (పీఎస్5) అనే వీడియో గేమ్ మెషీన్ ధరలు రాస్తూ వచ్చాను. పుస్తకం నిండినప్పుడల్లా నా కాగితాలు చింపి కొత్తదాని వెనక పిన్ను కొట్టేవాణ్ణి.

అందులో మొదటి పద్దు 2021 ఫిబ్రవరి 2. "49,990. డిస్క్ ఉన్నది. స్టాక్ లేదు." ఆఖరిది 2024 నవంబరు 23. "47,490. కొన్నా." మధ్యలో నాలుగేళ్లకి రెండు నెలలు తక్కువ. మిగిలింది 2,500 రూపాయలు.

నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో ముందు చెప్పాలి. మాది ఖమ్మం. 2004, 05 ప్రాంతంలో మయూరి సెంటర్ దగ్గర ఒక సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. షాపంటే ఒక గది, మూడు టీవీలు, గుమ్మానికి దళసరి కర్టెన్. గంటకి 15 రూపాయలు. అరగంటకి మాత్రం 8, ఎందుకంటే షాపాయన దగ్గర అర్ధరూపాయి చిల్లర ఉండదు. క్రికెట్, కుస్తీ, కార్లు, అన్నీ కాపీ డిస్కులే, మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి ఉండేవి. ఆడినంతవరకూ సేవ్ చేసుకోవాలంటే మెమరీ కార్డు కావాలి. 8 ఎంబీ కార్డు, అగ్గిపెట్టె అంతటిది, షాపాయన సొరుగులో ఉండేది. దానికి అదనంగా 2 రూపాయలు. అంత ఇచ్చి సేవ్ చేసుకుంటే మర్నాడు ఇంకెవడో దాన్ని చెరిపేసి తనది పెట్టుకునేవాడు. మూడు వారాలు ఆడిన ఆట ఒకసారి అలా పోయింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాకంటూ ఒకటి ఉంటే ఈ బాధ ఉండదు కదా అని ఆ రాత్రి అనుకున్నదే, తరవాత చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లాడు, ఇంటి లోను మధ్య ఎక్కడో అడుగున పడిపోయింది.

2021 జనవరి 12న మన దేశంలో పీఎస్5 ప్రీ-ఆర్డర్లు మధ్యాహ్నం 12కి మొదలయ్యాయి. నేను హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. చేతిలో పని ముగించి, కోటు విప్పి, బయటికొచ్చి లాకర్ తీసేసరికి పన్నెండూ ఇరవై. అప్పటికే అన్ని చోట్లా అయిపోయాయి. కొన్ని నిమిషాల్లోనే ఖాళీ అయ్యాయట. నిజం చెప్పాలంటే లోపల కాస్త హాయిగానే అనిపించింది. 50 వేలు నా చేతిలో లేవు, కార్డు మీద గీకే ధైర్యమూ లేదు.

ఆ సాయంత్రం మా బావమరిదికి ఫోన్ చేశాను. ధరల విషయంలో మా ఇంటి పంచాంగం వాడే. ఏ నెలలో ఏసీ కొనాలి, ఏ వారంలో విమానం టికెట్లు తీయాలి, అన్నీ వాడి నోటిమీదే ఉంటాయి.

"కొనకపోవడమే మంచిదయింది బావా. గేమ్ మెషీన్ అంటే బంగారం కాదు, ఎప్పటికైనా దిగేదే. మొదటి ఏడు కొన్నవాడు వెర్రివాడు," అన్నాడు.

వాడు ఊరికే అనలేదు. లెక్క చెప్పాడు. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లు. 2002కి 199 అయింది, 2004కి 149, 2006కి 129, 2009కి 99. పీఎస్4 2013లో 399కి వచ్చి 2015లో 349కి, 2016లో సన్న మోడల్‌తో 299కి దిగింది. కారణం కూడా చెప్పాడు. కంపెనీ అదే మెషీన్‌ని ఏళ్ల తరబడి చేస్తూ ఉంటుంది, చేసేకొద్దీ లోపలి చిప్పులు చిన్నవవుతాయి, చిన్నవైతే చవకవుతాయి. పీఎస్2లో మొదట విడివిడిగా ఉన్న రెండు పెద్ద చిప్పుల్ని తరవాత ఒకే చిప్పులో కుదించారు. మన దగ్గర పన్ను కూడా తగ్గింది, 2018 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ మీటింగులో వీడియో గేమ్ కన్సోళ్లని 28 శాతం నుంచి 18కి దించారు. ఇన్ని చెప్పాక కాదనడానికి నా దగ్గర ఏముంది? ఇప్పుడు తల్చుకున్నా వాడి మాట తెలివితక్కువగా అనిపించదు. ఇరవై ఏళ్లు అలాగే జరిగింది మరి.

ఎంతకి దిగితే కొనాలి? 50 వేలలో 30 శాతం పోతే 35 వేలు. అంతే. 30 శాతమే ఎందుకు అని నేనడగలేదు, వాడు చెప్పలేదు. నాలుగేళ్లు నేను పట్టుకు వేలాడిన అంకె పుట్టింది ఇలాగే, ఒక ఫోన్ కాల్‌లో, నేను టీ తాగుతుండగా.

డబ్బుకి చీటీ వేశాను. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ నడిపే 50 వేల చీటీ, 20 నెలలు, నెలకి 2,500. మొదటి చీటీ నడిపే ఆవిడది, మిగతావి పాట. అవసరం ఉన్నవాళ్లు మొదటి నెలల్లో 9 వేలకి, 10 వేలకి పాడి తీసుకుపోతారు, ఆ పాట డబ్బు అందరికీ పంచుతారు కాబట్టి మనం కట్టేది ఏ 2 వేలో, 2,100ఓ అవుతుంది. ఆఖరిదాకా ఆగినవాడికి పాట లేకుండా మొత్తం 50 వేలూ వస్తుంది. ఆగినవాడిదే లాభం అన్నది చిన్నప్పటి నుంచి మా అమ్మ చీటీల్లో చూసిన నీతి. అదే లెక్క పీఎస్5కీ సరిపోతుందని అనుకున్నాను. చీటీలో ధర మన ఇరవైమంది చేతుల్లో ఉంటుంది, ఇక్కడ ఎక్కడో తైవాన్ చిప్పుల ఫ్యాక్టరీ చేతుల్లో ఉంటుంది అన్నది అప్పుడు తట్టలేదు.

2021, 2022 రెండేళ్లూ ధర సంగతి తరవాత, అసలు సరుకే లేదు. కరోనా తరవాత ప్రపంచమంతా చిప్పుల కరువు. నెలకో రెండు నెలలకో ఆన్‌లైన్‌లో స్టాక్ వదిలేవాళ్లు, నిమిషాల్లో పోయేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనం సీటీసీ అంటామే అక్కడికి, పనున్నా లేకపోయినా శనివారాలు వెళ్లొచ్చేవాణ్ణి. ఒక షాపులో 62 వేలు అన్నారు. ఇంకో షాపులో ధర 49,990కే ఇస్తాం కానీ ఇంకో కంట్రోలరూ (చేత్తో పట్టుకుని ఆడేది) రెండు గేములూ కలిపి తీసుకోవాలన్నారు. అవి కలిపితే ఎంతయిందో చూసి నాకు నవ్వొచ్చింది. షాపతనికి రాలేదు.

డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకుని కూడా అడిగాను. "అన్నయ్యా, నాకే దొరకట్లేదు ఇక్కడ," అన్నాడు. దొరికినా అట్టపెట్టె కాకుండానే నాలుగున్నర కిలోలు. ఇటు నుంచి ఆవకాయ జాడీలు మోసుకెళ్లే మనిషిని అటు నుంచి ఇది మొయ్యమనడం ఏం బాగుంటుంది? పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. ఆ మాట అక్కడితో వదిలేశాను.

మా ల్యాబ్‌లోనే ఒకతను 2021 జూలైలో ఎలాగో సంపాదించాడు, సరిగ్గా 49,990కి. మొదటి ఏడు కొన్న వెర్రివాడు. క్యాంటీన్‌లో అతను ఆటల గురించి చెబుతుంటే నేను సాంబారులో స్పూను తిప్పుతూ వినేవాణ్ణి. ఇతని సంగతి మళ్లీ వస్తుంది.

2022 నవంబరు. నా పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసిన ఒకే ఒక్క పద్దు ఆ నెలదే: "54,990." దిగడం పోయి 5 వేలు ఎక్కింది. గేమ్ డిస్క్ పెట్టే వీలు లేని మోడల్ కూడా 39,990 నుంచి 44,990 అయింది. బయటి దేశాల్లో ఆగస్టులోనే పెంచారు, మన వంతు నవంబరులో వచ్చింది. నేను చాలాసేపు అది ఏదో వెబ్‌సైట్ తప్పనుకున్నాను. నాలుగు చోట్ల చూశాను.

ఆ రాత్రి పాల పుస్తకంలోనే లెక్క వేశాను. మొదట్లో డాలరు దాదాపు 73 రూపాయలు. 2022 అక్టోబరుకి 83 దాటింది. అమెరికా ధర 499 డాలర్లు. 73తో గుణిస్తే 36,427. 83తో గుణిస్తే 41,417. తేడా 4,990. పెంచింది 5 వేలు. నా కళ్లముందే పది రూపాయల తేడాతో సరిపోయింది. నిజంగా కంపెనీ అలాగే లెక్క కట్టిందని కాదు, కానీ నేను వీడియో గేమ్ ధర చూస్తున్నాననుకుంటూ రెండేళ్లుగా చూడాల్సిన దాన్ని చూడలేదని మాత్రం తెలిసింది. దిగుమతి సరుకు రూపాయితో పాటే నడుస్తుంది. మా బావమరిది సిద్ధాంతంలో డాలర్లే ఉన్నాయి, రూపాయలు లేవు.

ఇంకో వింత కూడా అప్పుడే తెలిసింది. వాడు చెప్పినట్టు చిప్పు నిజంగానే చిన్నదయింది. 7 నానోమీటర్ల నుంచి 6కి వచ్చింది. కొత్త మోడల్ బరువు 3.9 కిలోలు, మొదటిది 4.5. అంటే తగ్గడం తగ్గింది, కాకపోతే బరువు తగ్గింది. పీఎస్2 కాలంలో చిప్పు చిన్నదైతే చవకయ్యేది. ఇప్పుడు చిన్న చిప్పు చెయ్యడమే పెద్ద ఖర్చు, ఆ ఖర్చు భరించగల ఫ్యాక్టరీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఈ ముక్క మా ఆవిడకి చెబితే పుస్తకం అందుకుని ముందు పేజీలు తిప్పి చూపించింది. అక్కడ పాల ధర. రెండేళ్లలో ఎన్నిసార్లు పెరిగిందో పక్కన చుక్కలు పెట్టుకుంది. "ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఈ పుస్తకంలో ఒకటే కథండీ," అంది.

చీటీ 2023 ఏప్రిల్‌లో నా చేతికొచ్చింది. 50 వేలు, ఒక్క రూపాయి తక్కువ లేకుండా. డబ్బు ఉంది, ధర మాత్రం 54,990. అలా ఉండగా జూలై 25న ఆఫర్ పెట్టారు. రెండు వారాలు, ఆగస్టు 7 వరకూ, 7,500 తగ్గింపు. 47,490. చేతిలో 50 వేలు, ఎదురుగా 47,490. మామూలు మనిషి అయితే ఆ రోజే కొనేస్తాడు.

నేను కొనలేదు. ఒకటి, 35 అనుకున్నవాడికి 47 ఎక్కువే కదా. రెండు, దిగడం మొదలైంది అంటే ఇంకా దిగుతుంది అని మా బావమరిది వాట్సాప్‌లో పంపాడు. మూడోది మా అమ్మ. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ఆఫర్ రెండు వారాలూ నికరంగా అధిక మాసంలో పడ్డాయి. "అధిక మాసంలో కొత్త వస్తువు ఇంటికి తెస్తావట్రా? ఇన్నాళ్లు ఆగినవాడివి పదిరోజులు ఆగలేవా?" అంది ఫోన్‌లో. ఆఫర్ పంచాంగం చూసి పెట్టరమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. నాకూ ఎక్కడో ఆ సాకు కావలసే ఉందేమో.

చివరి రోజు, ఆగస్టు 7, సోమవారం రాత్రి పదిన్నరకి మనసు మారింది. అందరూ పడుకున్నాక ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేశాను. వస్తువు వచ్చేసరికి ఎలాగూ అధిక మాసం అయిపోవచ్చు అని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. మూడో రోజు మెసేజ్ వచ్చింది, ఆర్డర్ క్యాన్సిల్ అయిందని. కారణం, స్టాక్ లేదట. లేని సరుకుకి డబ్బు ఎలా తీసుకున్నారని అడిగితే కస్టమర్ కేర్ అమ్మాయి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అన్న వాక్యం నాలుగుసార్లు చదివింది. డబ్బు వెనక్కి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా ధర 54,990కి తిరిగి వెళ్లిపోయింది. అమ్మకి నేను చెప్పలేదు కానీ ఎలాగో తెలిసిపోయింది. "నేను చెప్పలా," అని మాత్రం అంది.

అప్పటికి ఒక సంగతి నాకు పూర్తిగా అర్థమయింది. నేను మెట్లు దిగి వస్తుందని కింద నిలబడ్డాను. అది మెట్ల వ్యవహారం కాదు. ధర పైనే ఉంటుంది, ఏడాదికి ఒకట్రెండు సార్లు రెండు వారాలపాటు షట్టర్ ఎత్తుతారు, మళ్లీ దించేస్తారు. ఆ తరవాత నుంచి పుస్తకంలో ధర పక్కన ఆఫర్ మొదటి తేదీ, చివరి తేదీ రాయడం మొదలుపెట్టాను. మీరూ ఇలాంటిదేదైనా కొనాలని చూస్తుంటే ధరకంటే ఆ తేదీలే ముఖ్యం. ఆఫర్ మొదటి రెండు రోజుల్లో కొంటే క్యాన్సిల్ అయినా ఇంకో చోట కొనడానికి వారం పైగా టైముంటుంది. చివరి రాత్రి కొంటే నాకయినట్టే అవుతుంది.

2024 ఏప్రిల్ 5న సన్న మోడల్ మన దగ్గరికి వచ్చింది. నాలో మళ్లీ 35 లేచింది. కొత్తది వస్తే పాతది ఊడ్చేసినట్టు అమ్ముతారు కదా, చీరల షాపుల్లో ఆషాఢం లాగా. ఆ శనివారమే సీటీసీకి వెళ్లాను. కొత్తదాని ధర చూస్తే అదే 54,990. పాతవి ఎప్పుడో అయిపోయాయట. ఒక షాపులో మాత్రం అతను అటూ ఇటూ చూసి, "అన్నా, ఓపెన్ బాక్స్ ఉంది ఒకటి, 41కి ఇస్తా," అని కౌంటర్ కింద నుంచి తీశాడు.

దాన్ని అరగంట పరీక్ష చేశాను. మీదంతా బాగానే ఉంది, గీతలు లేవు. కంట్రోలర్ ఎడమ పుల్ల వదిలేస్తే తెర మీద బాణం తనంతట తను కొంచెం జరుగుతోంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు, వాడిన కంట్రోలర్లకి వచ్చే జబ్బే. డిస్క్ పెడితే గొంతు సవరించుకున్నట్టు శబ్దం. సరే, ఇవన్నీ పోనీ అనుకున్నా. వెనక్కి తిప్పి స్టిక్కర్ చూశాను. మన దేశానికి వచ్చేవాటి మోడల్ నంబర్‌లో చివరి రెండంకెలు 08 ఉంటాయి. దీని మీద 1216. అంటే బయటి నుంచి ఎవరి సూట్‌కేసులోనో దిగిన సరుకు. బిల్లు అడిగాను. "బిల్లు ఉండదన్నా, నేనున్నా కదా," అన్నాడు. నేనున్నా అనే వారంటీ ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలుసు. టీ తాగించాడు, తాగి వచ్చేశాను.

అదే వేసవిలో మా ల్యాబ్ అతను తన పీఎస్5 అమ్మేశాడు. ఊరు మారుతున్నాడు. 32 వేలకి పోయింది. మూడేళ్లు ఆడాడు. క్యాంటీన్‌లో పేపర్ నాప్‌కిన్ మీద నేనే లెక్క వేశాను. 49,990లోంచి 32 వేలు పోతే 17,990. 36 నెలలకి భాగిస్తే నెలకి 500. ఖమ్మం షాపులో గంటకి 15 చొప్పున నెలకి 500 అంటే 33 గంటలు. ఇరవై ఏళ్ల కిందటి రేటుకి అతను ఆడుకున్నాడు. నేను మూడేళ్లు రాసుకున్నాను. అతను ఆ నాప్‌కిన్ చూసి, "మరి మీరు ఎందుకు కొనలేదు సార్?" అని మర్యాదగానే అడిగాడు. సాంబారు చల్లారిపోయిందన్నాను.

నిజానికి అది నాకు 32కి ఇస్తానని ముందు నన్నే అడిగాడు. నా అంకె 35 కదా, దానికంటే తక్కువే. కానీ సెకండ్‌హ్యాండ్ 32 అంటే కొత్తది 35కి వచ్చే రోజు దగ్గర్లో ఉందేమో అనిపించింది. ఈ బుర్రతో నేను ల్యాబ్‌లో మందుల నాణ్యత చూస్తాను.

2024 నవంబరులో బ్లాక్ ఫ్రైడే పేరుతో మళ్లీ షట్టర్ ఎత్తారు. 22 నుంచి డిసెంబరు 5 దాకా, మళ్లీ అదే 7,500, మళ్లీ అదే 47,490. ఈసారి నేను పంచాంగం ముందే చూసుకున్నాను, కార్తీక మాసం, దోషం లేదు. బావమరిదికి ఫోన్ చెయ్యలేదు. రెండో రోజు, శనివారం, పొద్దున్నే పార్క్‌లేన్ వెళ్లాను.

షాపులో కుర్రాడు నో కాస్ట్ ఈఎంఐ అన్నాడు. తొమ్మిది నెలలు, వడ్డీ లేదు. ఈ "లేదు" సంగతి కాస్త చూడాలి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకి షాపు ధరలో ముందే తగ్గిస్తుంది, అది సమానమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. నా లెక్కలో అది 500 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీదా జీఎస్టీ. మొత్తం దాదాపు 750 తేలింది. నాలుగేళ్లు ఆగి సంపాదించిన 2,500లో 750 బ్యాంకుకి ఇవ్వడానికి మనసొప్పలేదు. చీటీ డబ్బు ఉండనే ఉంది, యూపీఐ కొట్టాను. ఫోన్ "విజయవంతం" అని మోగింది. బేరం ఆడితే ధర తగ్గించలేదు గానీ కంట్రోలర్‌కి రబ్బరు తొడుగు ఒకటి ఊరికే ఇచ్చాడు.

బిల్లు చూసుకున్నాను. అందులో 7,244 రూపాయలు జీఎస్టీ. పెట్టె తిప్పి స్టిక్కర్ చూశాను. చివర 08.

ఆటోలో వచ్చేటప్పుడు పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. ప్యారడైజ్ దాటాక ట్రాఫిక్‌లో పక్క ఆటోలో కుర్రాళ్లు చూసి బొటనవేలు ఎత్తారు. నేనూ ఎత్తాను. అంత ఆనందం ఇంటి రిజిస్ట్రేషన్ రోజు కూడా లేదు, అప్పుడు సంతకాల గొడవలో నడుం నొప్పి ఒకటే గుర్తుంది.

ఇంట్లో టీవీకి పెట్టి ఆన్ చేస్తే ముందు అప్‌డేట్ అంది. తరవాత కంట్రోలర్‌కి అప్‌డేట్ అంది. సీటీసీలో కొన్న సెకండ్‌హ్యాండ్ డిస్క్ పెడితే దానికీ అప్‌డేట్. మా వాడికి మొదటి పద్దు రాసినప్పుడు ఆరేళ్లు, ఇప్పుడు పదోది. సోఫాలో కూర్చుని ఎదురుచూసి ఎదురుచూసి, "నాన్నా, అయ్యాక లేపు," అని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక అయింది. లేపలేదు. కర్టెన్ వేసి, సౌండు తగ్గించి ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆట మధ్యలో ఆపితే తెర మీద కుడి మూలన సేవ్ అవుతున్నట్టు చిన్న చక్రం తిరిగింది. దాన్ని ఎవడూ చెరపడు. రెండింటి దాకా ఆడాను. పొద్దున మా ఆవిడ పాల పుస్తకం వెనక్కి తిప్పి, "ఇంక ఈ కాగితాలు తీసెయ్యొచ్చా?" అంది. ఉండనీమన్నాను.

మా బావమరిది మాత్రం తనూ కొనాలని అప్పటికి రెండేళ్లుగా ఆగుతున్నాడు. నేను 47,490కి కొన్నానంటే, "తొందరపడ్డావు బావా," అన్నాడు. 2025 ఆగస్టులో అమెరికాలో 50 డాలర్లు పెంచారు, 499.99ది 549.99 అయింది. వచ్చి ఐదేళ్లు కావస్తున్న మెషీన్ ధర అమెరికా మార్కెట్లోనూ పెరగడం వాడి సిద్ధాంతానికి బొత్తిగా గిట్టని విషయం. రెండు రోజులు వాట్సాప్‌లో కనపడలేదు. డాలరు అప్పటికి 88కి దగ్గరపడింది.

ఆ ఏడు దసరాకి కుటుంబంతో మా ఇంటికొచ్చాడు. పండగ ఆఫర్ నడుస్తోంది. తగ్గింపు 5 వేలే, ధర 49,990. నా పుస్తకంలో మొదటి పద్దులో ఉన్న అంకె, పైసా తేడా లేకుండా. కాగితం తీసి చూపించాను.

"పోయినేడు 47,490కి వచ్చినదాన్ని ఇప్పుడు 2,500 ఎక్కువ పెట్టి నేను కొంటానా బావా?" అన్నాడు.

మూడు రోజులు మా వాడితో పోటీపడి ఆడాడు. భోజనానికి పిలిస్తే లేవడు, మా ఆవిడ తమ్ముణ్ణి చూసి తల కొట్టుకుంది. బయల్దేరేముందు చెప్పులు వేసుకుంటూ, ఎవరూ వినకుండా నా దగ్గరికొచ్చాడు.

"బావా, నువ్వెలాగూ పెద్దగా ఆడట్లేదు కదా. 35కి ఇచ్చెయ్యరాదూ?"

"ఆగరా," అన్నాను. "ఇంకా పెరుగుతుందేమో చూద్దాం."